పండగ వెళ్ళగానే ఆరు, ఏడు తరగతులు ఖాళీ: మీ ఊళ్ళో పిల్లల్ని ఎలా నిలబెట్టుకున్నారు?

ఏడో తరగతి తల్లి (నవంబరు 16)

అందరికీ నమస్కారం. మాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న ప్రాథమికోన్నత పాఠశాల. పిల్లలు మొత్తం 64 మంది. ఈ ఏడాది తల్లిదండ్రుల కమిటీకి నన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

మా టీచర్ గారు నల్లబల్ల మూల రోజూ రెండు అంకెలు రాస్తారు: రోలు (అంటే పేరున్న పిల్లలు) ఎంత, హాజరు ఎంత అని. డిసెంబరు దాకా ఆ రెండింటికీ ఒకటో రెండో తేడా ఉంటుంది. పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు ఆరు, ఏడు తరగతులు కలిపి కూర్చునే గదిలో రోలు 19, హాజరు 8. మార్చి నెలాఖరు దాకా ఆ ఎనిమిది అలాగే ఉండిపోయింది.

మిగతా పదకొండు మందీ పల్నాడు మిరపకోతలకు వెళ్ళిన అమ్మానాన్నల వెంట వెళ్ళారు. ఏప్రిల్ మొదటి వారంలో తిరిగి వచ్చారు. మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల ఊరికి వచ్చిన మర్నాడే బడికి వచ్చింది. ఆ రోజు నేను వంట చూడడానికి వెళ్ళి గది గుమ్మంలో నిలబడ్డాను. నల్లబల్ల మీద భిన్నాల కూడిక ఉంది. ఆ పిల్ల పెన్సిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోలేక ఉంగరపు వేలి పక్కన ఇరికించుకుని రాస్తోంది. గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. లెక్క మాత్రం బల్ల మీద ఉన్నది ఉన్నట్టు దించుకుంది. హారం అంటే ఏమిటో తెలియదు. ఆ పాఠం జనవరిలో అయిపోయింది.

ఈ ఏడాది అలా కాకూడదని నా పట్టుదల. చదువు విలువ మా ఊళ్ళో అందరికీ తెలుసు, అది ఎవరికీ కొత్తగా చెప్పనవసరం లేదు. అమ్మానాన్నలు కోతలకు వెళ్ళినా మీ ఊళ్ళో పిల్లల్ని ఉంచుకుని ఉంటే రాత్రి ఎక్కడ పడుకున్నారు, అన్నం ఎవరు వండారు, జ్వరం వస్తే ఎవరు చూశారు, ఈ మూడూ చెప్పండి.

సుద్దముక్క (నవంబరు 16)

అమ్మా, నేను కనిగిరి వైపు ఉపాధ్యాయుడిని. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద వలస వెళ్ళేవాళ్ళ పిల్లలకు సీజనల్ హాస్టల్, అంటే ఆ కొన్ని నెలలకే హాస్టల్, పెట్టే ఏర్పాటు ఉంది. మా బడిలో రెండేళ్ళు నడిచింది. పడక బడి గదిలోనే. చూసుకోవడానికి ఊళ్ళోనే ఒక ఆయమ్మ. మధ్యాహ్నం బడి భోజనం, ఉదయం, రాత్రి హాస్టల్ వంట.

మొదటి ఏడాది 23 మంది ఉన్నారు, ఒక్కరు కూడా మానలేదు. రెండో ఏడాది మంజూరు కాగితం చేతికి వచ్చేసరికి జనవరి 27. అప్పటికి ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. ఏడుగురితో నడిపాము. కూలీలను కోతలకు తీసుకెళ్ళే మేస్త్రీ బండి మన కాగితం కోసం ఆగదు కదా.

అందుకని నేను నేర్చుకున్నది ఒకటే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది దీపావళి తర్వాత, ముసురు రోజుల్లో, ఇంట్లో డబ్బు లేనప్పుడు. ఎంతమంది వస్తారో ఆ రోజే మాట అయిపోతుంది. పిల్లల మాట అంతకంటే ముందే తేలాలి. మీకు కొంత ఆలస్యమైంది, అయినా రెండు నెలల సమయం ఉంది. ఈ వారంలోనే ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేరు, తరగతి, ఊళ్ళో మిగిలే పెద్దవాళ్ళు ఎవరన్నది రాసుకోండి. కమిటీ తీర్మానం పుస్తకంలో ఎక్కించి, నకలు మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మంజూరు వస్తే మంచిది. దాన్నే నమ్ముకుని మాత్రం కూర్చోకండి.

కల్లం పిల్లవాడు (నవంబరు 17)

నేను అలా వెళ్ళిన పిల్లల్లో ఒకడిని. ఇరవై ఏళ్ళ కిందటి మాట. మాది వరికుంటపాడు వైపు. ఇప్పుడు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను.

చిన్నపిల్లల్ని కోతకు పెట్టరు, కొమ్మ విరుస్తారని. కల్లంలో కూర్చోబెడతారు. ఎండబెట్టిన ఎర్ర కాయల్లోంచి తెల్లబడిన తాలు కాయలు ఏరడం మా పని. మధ్యాహ్నానికి ఘాటు గొంతులోకి దిగుతుంది. ముక్కుకు తువాలు కట్టుకున్నా తుమ్ములు ఆగవు. తెలియక కళ్ళు నలుపుకున్నామా, ఇక ఆ పూట పని లేదు. రాత్రి మా అమ్మ చేతులకు ఆముదం రాసేది. తన చేతులకు రాసుకోవడానికి ఆముదం మిగిలేది కాదు.

ఆ కల్లానికి దగ్గర్లోనే బడి ఉండేది. మా ఊరి బడిలాగే అక్కడా రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టేవారు. మొదటి గంట వినపడగానే కాయలు వదిలి లేచి నిలబడేవాడిని. కాళ్ళు వాటంతట అవే లేచేవి. మళ్ళీ కూర్చునేవాడిని. ఆ మూడు నెలల్లో నన్ను ఆ బడికి రమ్మని అడిగినవారు ఒక్కరూ లేరు. వెళ్ళవచ్చని మా నాన్నకూ తెలియదు.

ఎనిమిదిలో మానేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళకు ప్రైవేటుగా పది రాసి ఐటీఐ చేశాను. మీరు ఏం మొదలుపెట్టినా నా వంతుగా పది పరుపులు పంపుతాను.

కోతలకు వెళ్ళే తండ్రి (నవంబరు 17)

మా మేనల్లుడు ఇవన్నీ చదివి వినిపించాడు. నేను చెబుతుంటే వాడు రాస్తున్నాడు.

మాకు రెండెకరాలు. బోరు ఎండిపోయి మూడేళ్ళు. పెద్దమ్మాయి ఏడో తరగతి, పిల్లవాడు మూడు. నాకూ నా భార్యకూ కలిపి మేస్త్రీ ఈసారి ముప్పై వేలు ముందుగా ఇచ్చాడు. అందులో ఇరవై రెండు వేలు పాత బాకీకి పోయాయి.

పిల్ల సంపాదన మీద ఆశతో తీసుకెళ్తామని అందరూ అనుకుంటారు. పిల్లను ఎవరికి అప్పజెప్పి వెళ్ళాలో చెప్పండి. మా అమ్మకు చూపు ఆనదు. రాత్రి తలుపు గడియ కూడా పిల్లే వేయాలి. పదమూడేళ్ళ ఆడపిల్లను అలా వదిలి అంత దూరంలో, పొలం గట్టున టార్పాలిన్ పట్టా కింద పడుకుంటే నాకు నిద్ర పడుతుందా? కళ్ళ ముందు ఉంటే చాలని తీసుకెళ్తాను. అక్కడ తమ్ముణ్ణి కూడా తనే చూసుకుంటుంది.

చదువులో పిల్ల బాగానే ఉందని సార్ చెప్పారు. ఆ మాట నాకు గుర్తుంది.

తీరం గాలి (నవంబరు 18)

హాజరు 75 శాతం లేకపోతే బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు రాదని కమిటీ గట్టిగా చెప్పాలి. తల్లి ఖాతాలో పడేది 13,000 రూపాయలు. ఇద్దరు పిల్లలుంటే 26,000. కోతల్లో మిగిలేది ఎంతో, ఇది ఎంతో లెక్క వేసి చూపించండి. మాది అల్లూరు వైపు. రొయ్యల చెరువుల పనికి వెళ్ళే పిల్లల విషయంలో మేము అలాగే చెప్పాము.

సుద్దముక్క (నవంబరు 18)

ఆ లెక్క నేనూ ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఆరు, ఏడు తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. 75 శాతం హాజరు ఉండాలంటే మానగలిగేది నాలుగో వంతు, అంటే 55. పండగ తర్వాత వెళ్ళి మార్చి చివర వస్తే ఇంచుమించు ఆ 55 అక్కడే అయిపోతాయి. అంతకుముందు వచ్చిన జ్వరాలు, పెళ్ళిళ్ళు కలిస్తే దాటిపోతుంది. కొందరు తల్లులు ఆ మాటకు ఆలోచించారు, నిజమే.

అయితే దాన్ని బెదిరింపుగా వాడితే ఏమవుతుందో కూడా చూశాను. డబ్బు పోతుందని తల్లి ఏడుస్తుంది. జాలిపడి ఎవరో ఒకరు లేని పిల్లకు హాజరు వేస్తారు. కాగితం మీద పిల్ల బడిలోనే ఉంటుంది, కల్లంలో ఉన్న పిల్ల కోసం ఎవరూ వెతకరు. రిజిస్టరులో ఎర్ర సిరాతో గైర్హాజరు పడి ఉంటేనే నయం. కనీసం ఆ ఎరుపు చూసి ఎవరైనా అడుగుతారు.

పైన ఆ తండ్రి చెప్పినది డబ్బు సంగతి కాదు. గడియ సంగతి.

కావలి మాస్టారు (నవంబరు 19)

నేను పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడిని. రెండు మాటలు చెబుతాను.

మొదటిది చట్టం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునేలా చూడడం స్థానిక సంస్థల బాధ్యత అని అందులో తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోము అనకూడదు. విద్యాసంవత్సరం మధ్యలో వచ్చారని తిప్పి పంపకూడదు. కాబట్టి కల్లం పక్కన బడి ఉంటే ఆ పిల్లవాడు అందులోకి నడిచి వెళ్ళవచ్చు. మన పిల్లలు వెళ్ళేది పల్నాడు, గుంటూరుకే కాబట్టి అక్కడా ఇవే పాఠ్యపుస్తకాలు, ఇదే తెలుగు. కర్ణాటకకో తమిళనాడుకో వెళ్ళే పిల్లలకు ఈ వీలు కూడా లేదు. బయలుదేరేటప్పుడు పిల్ల చేతికి పుస్తకాల సంచీ ఇచ్చి, అందులో ఆధార్ నకలు, పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత నంబరు) రాసిన కాగితం, మన ప్రధానోపాధ్యాయుడి ఫోను నంబరు పెట్టండి.

రెండోది మన జిల్లా సంగతి. 1991లో నెల్లూరులో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైనప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. రాత్రి ఎనిమిదింటికి లాంతరు పట్టుకుని తరగతి పెట్టేవాళ్ళం. పగలంతా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు వంగిపోయిన వేళ్ళతో పలక మీద అక్షరాలు దిద్దేవారు. వాచకంలో సారా గురించిన పాఠం వచ్చిన రోజు ఎవరూ దిద్దలేదు, అందరూ మాట్లాడారు. కలిగిరి మండలం దూబగుంటలో అలాంటి ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అప్పుడే ఊరూరా వినిపించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తర్వాత ఆ ఆడవాళ్ళే రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు.

అమ్మా, మీ ఊరూ ఆ మెట్టలోనే ఉంది. మీ ఊళ్ళో అరవై దాటిన ఆడవాళ్ళను కదిపి చూడండి. పిల్లలను చూసుకోవడానికి నేను మొదట వాళ్ళనే అడుగుతాను.

ఏడో తరగతి తల్లి (నవంబరు 19)

మాస్టారూ, మా అత్తగారు ఆ రాత్రి బడిలోనే సంతకం నేర్చుకున్నారట. ఇన్నాళ్ళు నాకు చెప్పనే లేదు. మీరు రాసినది చదివి వినిపిస్తే లేచి వెళ్ళి పెట్టెలోంచి పలక తీసుకొచ్చి చూపించారు. మార్కాపురం పలక, ఒక మూల విరిగింది.

పొదుపు సంఘం అక్క (నవంబరు 21)

చెల్లీ, మేము రెండేళ్ళుగా చేస్తున్నాము. మాది వింజమూరు వైపు. మంజూరు మాకు రాలేదు. మా డ్వాక్రా సంఘమే పెట్టుకుంది. నువ్వు మూడు అడిగావు కాబట్టి వరసగా చెబుతాను.

పడక. మొదట బడి గదే అనుకున్నాము. రాత్రి బడి ఊరికి చివర, మరుగుదొడ్డికి నీళ్ళు సాయంత్రం ఆగిపోతాయి. అందుకని మానేశాము. మా సంఘంలో ఒక పెద్దమ్మకు నాలుగు గదుల ఇల్లు, కొడుకులు చెన్నైలో. ఆమె ఇంట్లో ఆడపిల్లలు ఎనిమిది మంది. సంఘం సభ్యులు వంతులేసుకుని రోజుకు ఇద్దరు ఆమెకు తోడు పడుకుంటారు. వంతు కాగితం ఆ గోడకే అంటించాము. మగపిల్లలు ఐదుగురిని ఆ ఇంట్లో పెట్టలేదు, బంధువుల ఇళ్ళలో ఒక్కొక్కరుగా సర్దాము. వాళ్ళకు రాత్రి అన్నం మాత్రం ఇక్కడే.

అన్నం. బియ్యం దగ్గరే పెద్ద తగవు వచ్చింది. కార్డు బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు. కానీ నెలకు ఒక్కసారే. తల్లిదండ్రులు అక్కడ తీసుకుంటే ఇక్కడ పిల్లకు ఉండవు. చివరికి ఇంటికి 25 కిలోలు మూడు నెలలకు ముందే ఇచ్చి వెళ్ళాలని ఒప్పందం చేసుకున్నాము. పప్పు, నూనె సంఘం వడ్డీ డబ్బులోంచి. కూరగాయలు ఊళ్ళో ఎవరి చేనిలో కాస్తే వాళ్ళవి. మధ్యాహ్నం బడి భోజనం, గుడ్డు ఉన్నాయి. వారంలో మూడు రోజులు ఉదయం రాగిజావ కూడా అక్కడే. మాకు తెలియక ఇబ్బంది పడినది ఆదివారాలు, రెండో శనివారాలు. ఆ రోజుల్లో మూడు పూటలా మనమే వండాలి. లెక్కలో అది మరిచిపోవద్దు.

జ్వరం. ఆశా కార్యకర్త మా సంఘం సభ్యురాలే, అది మా అదృష్టం. ప్రతి పిల్లకూ ఒక కాగితం పెట్టాము: ఏ మందు పడదు, ఏ తిండి పడదు, తండ్రి ఫోను, మేస్త్రీ ఫోను. మేస్త్రీ ఫోను ఎందుకంటే చేనిలో ఉన్నప్పుడు తండ్రి ఫోను పలకదు. పెద్దపిల్లలకు నెలసరి బట్టలు, సబ్బులు విడిగా ఒక డబ్బాలో ఉంచుతాము. అడగకుండానే తీసుకోవచ్చు.

ఇక నువ్వు అడగనిది ఒకటి చెబుతాను. మొదటి వారం. రాత్రి ఎనిమిదింటికి తల్లులకు ఫోను చేయించేవాళ్ళం. ఎనిమిది మందికి ఒక్క ఫోను, మనిషికి ఐదు నిమిషాలు. మొదటి పిల్ల మాట్లాడుతుండగానే మిగతా ఏడుగురు ఏడ్చేవారు. ఆరో తరగతి పిల్ల ఒకతె మూడు రోజులు రాత్రి అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుని అన్నం మధ్యలో గుంట చేసి ఆ గుంటనే చూసేది. నాలుగో రోజు నేను ఆమె తల్లికి ఫోను చేసి, మీరు ఇప్పుడు ఏం తింటున్నారమ్మా అని అడిగాను. గోంగూర పచ్చడి అంది. మేమూ గోంగూర నూరి, మీ అమ్మ కూడా ఇదే తింటోంది అని చెప్పి పెట్టాము. తినింది. అప్పటినుంచి ఫోను ఎనిమిదింటికి కాదు, భోజనానికి ముందు ఏడింటికి మార్చాము. అమ్మ ఏం వండిందో అడగడం పిల్లలకు ఒక ఆటలా అయింది.

పోయిన ఏడాది ఇద్దరు పిల్లలు ఉండలేక ఫిబ్రవరిలో తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళిపోయారు. అందరినీ నిలబెట్టామని చెప్పను. పదమూడు మందిలో పదకొండు మంది ఏడాది చివరి పరీక్ష రాశారు.

కోతలకు వెళ్ళే తండ్రి (నవంబరు 22)

అక్కా, ఆ ఇంట్లో పెద్దమ్మ గారు పడుకునేది తలుపు దగ్గరా, లోపలా?

పొదుపు సంఘం అక్క (నవంబరు 22)

తలుపుకు అడ్డంగా మంచం వేసుకుంటుంది తమ్ముడూ. గడియ ఆమే వేస్తుంది, తాళం చెవి ఆమె దగ్గరే.

తీరం గాలి (నవంబరు 22)

నేను హాజరు మాట తొందరపడి అన్నాను. ఇవి చదివాక మా ఊళ్ళో ఏమైందో మళ్ళీ కనుక్కున్నాను. డబ్బు పోతుందని చెప్పిన ముగ్గురిలో ఒక్కరే పిల్లవాణ్ణి ఆపారు, అదీ ఇంట్లో అమ్మమ్మ ఉంది కాబట్టి. మాకూ పెద్దమ్మలు కావాలి.

సుద్దముక్క (నవంబరు 24)

వెళ్ళక తప్పని పిల్లలు కొందరు ఎలాగూ ఉంటారు. వాళ్ళకు తరగతిలో చేయగలిగినది కొంత ఉంది. డిసెంబరులో వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, జనవరి నుంచి మార్చి దాకా వచ్చే పాఠాల్లో ఏవి లేకపోతే తర్వాత నడవదో అవి ముందే చెబుతాను. ఆరుకు భిన్నాలు, దశాంశాలు. తెలుగులో రోజుకు అరపేజీ చూడకుండా రాయడం. అంతా చెప్పలేము, ఎంచుకోవాలి. వారానికి రెండుసార్లు తండ్రి ఫోనుకు మూడు నిమిషాల మాట రికార్డు చేసి పంపుతాను. చెరువు గట్టున కూర్చుని విన్నామని ఒక పిల్లవాడు చెప్పాడు.

తిరిగి వచ్చాక మొదటి రోజు అందరి ముందు ప్రశ్న అడగను. బడి బీరువా తాళం చేతికిచ్చి పుస్తకాలు సర్దమంటాను. రెండు రోజులు అలా తిరిగితే గది మళ్ళీ వాళ్ళదవుతుంది.

ఏడో తరగతి తల్లి గారూ, ఐదు చదివే ఆడపిల్లల తల్లిదండ్రులకు కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయం గురించి ఇప్పుడే చెప్పి ఉంచండి. అక్కడ ఆరు నుంచి చేర్చుకుంటారు. దరఖాస్తులు పిలిచే రోజుల్లో మీ ఊరివాళ్ళు కోతల్లో ఉంటారు. ఎవరో ఒకరు ఇక్కడ ఉండి వేయాలి.

ఏడో తరగతి తల్లి (డిసెంబరు 9)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఇల్లిల్లూ తిరగడానికే పది రోజులు పట్టింది.

ఈసారి వెళ్ళే ఇళ్ళు తొమ్మిది, బడి పిల్లలు పద్నాలుగు మంది. తీర్మానం రాసి ఇచ్చాము, అందినట్టు సంతకం తీసుకున్నాము. ఇంకా జవాబు రాలేదు. మా అత్తగారు తన వయసు ఆడవాళ్ళను నలుగురిని మా అరుగు మీద కూర్చోబెట్టి అడిగారు. ముగ్గురు సరేనన్నారు. ఒకామె మోకాళ్ళ నొప్పి, రాత్రి లేవలేను, కానీ పొద్దున జడలు వేస్తాను అంది. ఎనిమిది మందికి జడలు వేయడం చిన్న పని కాదని వంతు కాగితంలో ఆమె పేరు కూడా రాశాము.

ఇల్లు మాదే. రెండు గదులు ఖాళీ చేశాము. బియ్యం అక్క చెప్పినట్టే, ఇంటికి 25 కిలోలు. ఆదివారాలు లెక్క వేస్తే పప్పు, నూనెకు మూడు నెలలకు దాదాపు 14,000 అవుతుంది. సంఘం ఎనిమిది వేలు ఇస్తానంది. మిగతాది ఊళ్ళో అడుగుతున్నాము. బడి వంట చేసే ఆమె తనంతట తాను వచ్చి రాత్రి వంట వారానికి మూడు రోజులు చేస్తానంది. కూలి తీసుకోవాలని మేము పట్టుబట్టాము.

ఆరుగురు ఆడపిల్లలు ఉండడానికి ఒప్పుకున్నారు. ఇద్దరి ఇళ్ళలో ఇంకా తేలలేదు. ఆ పెన్సిల్ పట్టుకోలేని పిల్ల తండ్రి వద్దన్నారు. మూడుసార్లు వెళ్ళాను. నాలుగోసారి వెళ్తాను. తప్పదంటే మాస్టారు చెప్పినట్టు పుస్తకాల సంచీ, కాగితాలు ఇచ్చి పంపుతాను. వాళ్ళు దిగే ఊరి పేరు మేస్త్రీని అడిగి, అక్కడి బడికి నేనే ఫోను చేస్తాను.

కల్లం పిల్లవాడు గారూ, పరుపులు ఎనిమిది చాలు. దోమతెరలు దొరికితే ఇంకా మేలు. జనవరి 10 లోగా చేరితే సరిపోతుంది.

కల్లం పిల్లవాడు (డిసెంబరు 9)

రెండూ పంపుతాను అక్కా. ఉదయగిరి బస్సులో వేస్తాను. ఆ బడి పేరు తెలిశాక నాకూ చెప్పండి. అది గుంటూరు దారిలో ఉంటే పనిమీద వెళ్ళినప్పుడు నేనే దిగి ప్రధానోపాధ్యాయుణ్ణి కలుస్తాను.

కోతలకు వెళ్ళే తండ్రి (డిసెంబరు 11)

వదినా, నేను మీ పక్క ఊరివాణ్ణి. మా అమ్మాయి మీ బడి పిల్ల కాదు. అయినా మీ ఇంట్లో ఉంచుకుని మీ బడికి పంపుతారా? మా సార్‌తో మాట్లాడాను, టీసీ ఇస్తానన్నారు. బియ్యం 25 కాదు, 30 ఇస్తాను. పిల్లవాణ్ణి మాత్రం వెంట తీసుకెళ్తాము, వాడు అమ్మను వదిలి ఉండలేడు.

పిల్లకు వంకాయ పడదు, ఒళ్ళు దద్దుర్లు వస్తాయి. అది కాగితంలో రాయండి.

ఏడో తరగతి తల్లి (డిసెంబరు 11)

రాశాను అన్నా. ఆదివారం పిల్లను, వాళ్ళమ్మను తీసుకుని ఒకసారి ఇంటికి రండి. గదులు చూసుకోండి, తలుపు గడియ కూడా చూసుకోండి.